ప్రాణం సారు దగ్గర, సరుకు టైపిస్టమ్మ దగ్గర

భూమ్మీద పూర్తి భద్రత గల కంప్యూటర్ ఒక్కటే ఉందని, అది మా ఆఫీసులోనే ఉందని సవినయంగా ప్రకటిస్తున్నాను. దాన్ని ఎవరూ హ్యాక్ చేయలేరు. ఎవరూ వాడలేరు కూడా. (రెండోదాని వల్లే మొదటిది సాధ్యమైందని గిట్టనివాళ్లు అంటారు. నిజమే.)

సెక్షన్ మొత్తం ఒకే కంప్యూటర్‌ను పంచుకోవడం ప్రమాదమని మా భద్రతాధికారికి ఒక శుభముహూర్తాన తోచింది. ఆయన్ని మేము తాళాల సారు అంటాం. మనిషి కంటే ముందు నడుముకున్న గుత్తి వస్తుంది. ఆయన కంప్యూటర్ పొట్ట విప్పించి, డ్రైవులు రెండూ కావలసినప్పుడు తగిలించి, పని కాగానే ఊడదీసే ఏర్పాటు చేయించారు. ఒకదానిలో ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. అది లేనిదే మిషన్ కళ్లు తెరవదు కాబట్టి దాన్ని ప్రాణం అంటాం. రెండోదానిలో మా ఫైళ్లుంటాయి. అది సరుకు. ప్రాణం సారు జేబులో ఉంటుంది, సరుకు టైపిస్టమ్మ హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. సరుకును ఆవిడ ఇంకొకరికి అప్పగించాలంటే సెలవు మంజూరై ఉండాలి. సెలవు దరఖాస్తు కంప్యూటర్‌లోనే పెట్టాలి. చేత్తో రాస్తే చెల్లదు. (ఎవరైనా చదివేస్తారు.)

టైపిస్టమ్మకు నెలలు నిండాయి. మంజూరు కాకుండా మానేస్తే జీతం పోవడమే కాదు, ఉద్యోగానికే ఎసరు. అందుకని పాపం, రోజూ సారు గది ముందు నిలబడేది.

"సారూ, ఇవాళైనా ప్రాణం పెట్టండి. ఏ క్షణమైనా కాన్పు కావచ్చంటోంది డాక్టరమ్మ."

"కావచ్చు అంటే ఖాయం కాదు కదమ్మా. ఖాయం కాని పనికి నేను ప్రాణం బయటికి తీయను."

ఖాయమయ్యే రోజు రానే వచ్చింది. కుర్చీలోనే నొప్పులు మొదలయ్యాయి. మేమంతా కంగారుపడి ఆవిణ్ని కారెక్కించాం. కారు మలుపు తిరిగాక సారు పరుగెత్తుకొచ్చి గుండెలు బాదుకున్నారు.

"అయ్యో, సరుకు వెళ్లిపోయిందయ్యా! బ్యాగులో సరుకుంది!"

సరుకును ఆఫీసుకు రప్పించే దారి నిబంధనల్లో లేదు. ఆఫీసునే సరుకు దగ్గరికి తీసుకెళ్లడాన్ని మాత్రం ఏ నిబంధనా కాదనలేదు. అటెండరు డబ్బా ఎత్తుకున్నాడు, అకౌంటెంటు కీబోర్డు చంకన పెట్టాడు, నేను మానిటరు మోశాను. వెనకాల సారు ఒక చెయ్యి జేబు మీద ఉంచుకుని, ఊరేగింపులా ఆస్పత్రికి నడిపించారు. దారిలో ఒకాయన పక్కకు తప్పుకుని దణ్ణం పెట్టాడు కూడా.

మేం చేరేసరికి ఆడపిల్ల పుట్టింది. మంచం పక్కనే కంప్యూటర్ దింపాం. రెండు డ్రైవులూ తగిలించి ఉన్నంతసేపు అనుమతి లేనివారు తెర చూడరాదు కనుక, వార్డు వార్డంతా గోడవైపు తిరగాలని సారు ఆజ్ఞాపించారు. నర్సు సిరంజీతో సహా తిరిగింది. టైపిస్టమ్మ అత్తగారు మాత్రం చెంగు నడుముకు బిగించారు.

"నేనెందుకు తిరగాలయ్యా? మనవరాల్ని చూసుకుందామని వచ్చాను గానీ నీ టీవీ ఎవడిక్కావాలి!"

కోడలి ఉద్యోగం మాట చెవిన పడేసరికి ఆవిడా సణుక్కుంటూ తిరిగారు. టైపిస్టమ్మ ఒక చేత్తో పిల్లను పట్టుకుని, రెండో చేత్తో దరఖాస్తు కొట్టింది. ఇక సారు 'మంజూరు' నొక్కడమే తరువాయి. వేలు కూడా పైకెత్తారు. అంతలో ఆయన చూపు పాప మీద పడింది. పాప కళ్లు విప్పార్చుకుని తెరవైపే చూస్తోంది.

"అనుమతి లేని వ్యక్తి తెర చూసింది," అన్నారు సారు నెమ్మదిగా.

"సారూ, పుట్టి గంటైనా కాలేదు!"

"అందుకే అనుమతి తీసుకుని ఉండదు."

బయటివాళ్ల కంటపడిన సరుకును వెంటనే చెరిపేయాలని నిబంధన. సారు చెరిపేశారు. మా ఫైళ్లూ పోయాయి, సెలవు దరఖాస్తూ పోయింది. టైపిస్టమ్మ అప్పుడు పాప కళ్లకు చెయ్యి అడ్డం పెట్టింది. నాకైతే ఒళ్లు మండి, మానిటరు ఆయన నెత్తిన పడేద్దామనిపించింది. (అది ఉమ్మడి ఆస్తి. ఊరుకున్నాను.)

మర్నాడు తాఖీదు వచ్చింది. (చేత్తోనే రాశారు. సారు రాత ఎవరికీ అర్థం కాదు కనుక భద్రతకు లోటు లేదు.) మేమందరం తలా ఒక ముక్క కూడబలుక్కుంటే తేలింది ఇది: ప్రసవం ముగిసింది కాబట్టి ప్రసవ సెలవు అవసరం ఇక లేదు, టైపిస్టమ్మ తక్షణం విధుల్లో చేరాలి. తెర చూసిన పాప మాత్రం విచారణ పూర్తయ్యేదాకా ఆఫీసు ఛాయలకు రాకుండా, ఇంటిపట్టున విశ్రాంతిగా ఉండాలి.

ఆ విధంగా మా ఆఫీసులో తల్లి అడిగిన సెలవు బిడ్డకు మంజూరైంది.