పద్నాలుగో గడి

దీనికంతటికీ మీరే కారణం. అటూ ఇటూ చూడకండి, మిమ్మల్నే. పై ఆఫీసు చల్లటి గదిలో కూర్చుని నాలుగు పేజీల ఫారం తయారుచేసి, పద్నాలుగో గడిలో "అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి? పేరు, బంధుత్వం, నంబరు" అని అచ్చు వేయించిన పెద్దమనుషులు ఎవరైతే ఉన్నారో, వాళ్లనే. నీళ్లు ఒలికించింది టైలరే. జారింది మాస్టారే. కాదనను. కానీ ప్రతి మనిషికీ ఫోన్ ఎత్తే బంధువు ఒకడు ఉండి తీరతాడని మీకు ఎవరు చెప్పారు?

జరిగింది జరిగినట్టు చెబుతాను. మీరే కాదు, అందరూ వినండి.

బస్ డిపో వెనక రెండంతస్తుల వ్యాయామ కేంద్రం ఉంది. అందులో పొద్దున ఆరింటి బ్యాచ్ ఒకటి. నలభై దాటినవాళ్లు ఎనిమిది మంది. వాళ్లకి సర్క్యూట్ చేయించే కోచ్ పేరు విజిలక్క. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది, దాన్నెవరూ చదవరు. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంది కాబట్టి విజిలక్క. వయసు నలభై ఆరు.

సర్క్యూట్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. హాలు చుట్టూ ఎనిమిది చోట్లు, గోడకి ఎనిమిది కాగితాలు. ఒక చోట కుర్చీలో కూర్చుని లేవాలి, పక్కచోట గోడని రెండు చేతులతో నెట్టాలి, ఇంకోచోట నీళ్ల డబ్బాలు మోయాలి. నీళ్ల డబ్బాలెందుకంటే, బరువులు కొనమని మూడుసార్లు రాస్తే మీరు కొనలేదు. నలభై సెకన్లు చేయడం, విజిల్ మోగగానే ఇరవై సెకన్లలో పక్కచోటికి మారడం. అలా మూడు చుట్లు. దేని పక్కన ఏది పెట్టాలన్నదే అసలు పని. కాళ్ల పని వెంట కాళ్ల పని పెడితే లెక్కల మాస్టారి మోకాలు ఒప్పుకోదు. చేతుల పని వెంట చేతుల పని పెడితే బ్యాంకు మేడమ్ భుజం రెండు రోజులు మాట్లాడదు.

రోజూ మధ్యాహ్నం విజిలక్క ఈ వరస కాగితం మీద గీసుకుని, తన ఒంటిగది ఇంట్లో తనే పరీక్షించేది. ఎనిమిది మందీ తనే. మంచం దగ్గర మాస్టారు, కిటికీ దగ్గర టైలర్, పొయ్యి దగ్గర బ్యాంకు మేడమ్. "మాస్టారూ, నిదానం," అని తనే చెప్పి, "అలాగేనమ్మా," అని తనే బదులిచ్చి, "మారండి!" అని తనే అరిచి, తనే మారేది. ఎనిమిదోది ఉన్నచోటే పరుగు. అది మొదలవగానే కింది ఇంటావిడ చీపురు కర్రతో తన పైకప్పుని రెండుసార్లు పొడిచేది. ఆ గదిలో విజిలక్కతో ఎవరైనా మాట్లాడారంటే ఆ చీపురు కర్రే.

ఒక అక్క ఉంది. ఉందంటే ఉంది. రెండేళ్ల కింద ఒక పెళ్లిలో, ఫోటోకి ముందు వరసలో ఎవరు నిలబడాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, చివరికి ఇద్దరూ ఫోటోలో లేకుండా పోయారు. అప్పటినుంచి ఫోన్లు కూడా లేవు.

ఆ సోమవారం మేనేజర్ ఫారాల కట్ట తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"గురువారం పై ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారు. ఒక్క గడి ఖాళీగా కనిపించినా ఆరింటి బ్యాచ్ ఎత్తేస్తారు. ఆ టైము డాన్సు వాళ్లు అడుగుతున్నారు."

"ఎత్తేస్తే నేనేం చెయ్యాలి సార్?"

"ఏముంది, టవళ్లు చూసుకుందురుగాని."

ఆరు నుంచి ఏడు. రోజు మొత్తంలో ఆమెని ఎవరైనా నోరారా పిలిచే గంట అదొక్కటే. టవళ్లు పిలవవు.

ఫారాలు పంచుతుంటే ఎనిమిది మందీ ఎంత హడావిడి చేశారో!

"నాకు ఈ పద్నాలుగో గడి చాలదమ్మా," అన్నారు లెక్కల మాస్టారు. "మావాళ్లు పన్నెండు మంది. ఎవరిని రాసి ఎవరిని వదిలెయ్యను? మా మేనకోడలైతే రోజూ ఫోను."

"మా బావమరిది పక్క వీధే," అన్నాడు టైలర్. "చిటికేస్తే వాలిపోతాడు."

"ఇంట్లో అడిగి రాస్తాను," అంది బ్యాంకు మేడమ్.

బుధవారం ఫారాలన్నీ నాలుగు మడతలతో తిరిగొచ్చాయి. విజిలక్క ఒక్కటీ విప్పలేదు. మూడో గడిలో బరువు ఉంటుంది, దాన్ని చూడనని అందరికీ మాటిచ్చింది. మడతలు మడతలుగానే ఫైల్లో పెట్టేసింది. కోచ్ కూడా ఒక ఫారం నింపాలి కదా, తనది తీసింది. పద్నాలుగో గడి దగ్గర "అక్క" అని రాసింది. చాలాసేపు చూసింది. కొట్టేసింది. ఇంకే నంబరూ గుర్తురాలేదు. చివరికి తను వేసుకున్న టీషర్టు వెనక వీపు మీద అచ్చేసి ఉన్న కేంద్రం కౌంటర్ నంబరు, అద్దంలో తిరగేసి చూసుకుంటూ రాసింది. బంధుత్వం దగ్గర "తెలిసినవాళ్లు" అని పెట్టింది.

గురువారం తనిఖీ అధికారి ఆరుకి ఐదు నిమిషాల ముందే వచ్చి, హాలు మధ్యలో కుర్చీ వేయించుకుని, ఫైలు ఒళ్లో పెట్టుకున్నాడు. పక్కన మేనేజర్, చేతులు కట్టుకుని. తలుపు దగ్గరే ఉన్న కౌంటర్లో కౌంటర్ అమ్మాయి. ఉద్యోగంలో చేరి వారమైంది, రూల్స్ పుస్తకం కంఠతా వచ్చు. అందరి ఫోన్లూ బీరువాలో పెట్టి తాళం వేయించింది, విజిలక్క ఫోన్‌తో సహా.

మొదటి చుట్టు గడియారంలా నడిచింది. రెండో చుట్టులో టైలర్ నీళ్ల డబ్బాలు ఎత్తాడు. మూత సరిగ్గా బిగించలేదు. పైగా అధికారి చూస్తున్నాడని కాస్త జోరుగా ఊపాడు. విజిల్ మోగింది. ఇరవై సెకన్లలో మారాలి కదా, ఆ చోటికి వస్తున్న మాస్టారు, "పద్దెనిమిది, పంతొమ్మిది," అని తన లెక్క తను పెట్టుకుంటూ నీళ్లలో కాలు పెట్టి, "ఇరవై" దగ్గర కూలబడ్డారు.

"అయ్యో మాస్టారూ!"

"ఏం లేదమ్మా. లెక్క సరిపోయింది. చీలమండే మెలిపడింది."

విజిలక్క మిగతావాళ్లని ఉన్నచోటే నిలబెట్టి, మాస్టారి కాలు కుర్చీ మీదకి ఎత్తించి, కట్టు కట్టడం మొదలుపెట్టింది. తగిన పనే చేసింది. అక్కడితో అయిపోవాల్సింది. కానీ అధికారికి ఉత్సాహం వచ్చింది.

"మంచిదే అయింది. ప్రమాదం జరిగితే మీ విధానమేంటో చూస్తాను. అమ్మాయ్, ఈయన ఫారం తీసి ఇంటివాళ్లకి ఫోన్ చెయ్."

"వద్దండీ!" అన్నారు మాస్టారు, పడినప్పుడు కూడా అరవనంత గట్టిగా. "మా మేనకోడలు నిద్రపోతుంటుంది."

రూలు రూలే. కౌంటర్ అమ్మాయి ఫారం విప్పి కౌంటర్ ఫోన్ నుంచి నంబరు నొక్కింది. అదే సమయానికి హాల్లో బీరువా లోపల ఒక ఫోన్ మోగింది.

ఆ పాట వినిపిస్తే విజిలక్క ముందు వేరేవాళ్లదనుకుంది. తన ఫోన్ మోగగా విని అంత కాలమైంది మరి. ఎవరూ ఎత్తకపోయేసరికి అమ్మాయి మళ్లీ నొక్కింది. రెండోసారి మోగితే విజిలక్క చేతిలో కట్టు ఆగిపోయింది. ఇంత పొద్దున్నే తనకి ఫోన్ చేసేవాళ్లెవరు? ఏ పొద్దైనా చేసేవాళ్లెవరు? ఒక్కరే ఉన్నారు. అక్క. రెండేళ్ల తర్వాత అక్క చేస్తోందంటే ఊరికే చెయ్యదు. ఏదో అయింది.

మూడోసారి మోగింది. విజిలక్క లేచి బీరువా వైపు పరుగెత్తింది. దారిలో అవే నీళ్లు. ఇన్నేళ్లుగా "నేల చూసి నడవండి" అని ఎనిమిది మందికీ చెప్పిన మనిషి, నేలే చూడలేదు. మణికట్టు మీద పడి, నుదురు బంతుల బుట్టకి కొట్టుకుంది.

"ఇద్దరు!" అన్నాడు అధికారి, రాసుకుంటూ. "అమ్మాయ్, ఈవిడ ఫారం."

అమ్మాయి నొక్కింది. విన్నది. మళ్లీ నొక్కింది.

"ఎంగేజ్ వస్తోంది సార్."

"మళ్లీ చెయ్."

"ఎవరితోనో మాట్లాడుతున్నారు సార్. ఎన్నిసార్లు చేసినా అంతే."

"ఇంత పొద్దున్నే అంతసేపు ఎవరితో కబుర్లు?"

"తెలీదు సార్. కానీ ఈ నంబరు నేనెక్కడో చూశాను."

అధికారికి చిరాకొచ్చింది. "ఎవరో ఒకరి ఇంటివాళ్లని పిలు, మనిషి సాయం కావాలి. వరసగా చేసుకుంటూ పో." అమ్మాయి వరసగా చేసుకుంటూ పోయింది. ఒక్కో ఫారానికి ఒక్కోసారి బీరువా మోగింది.

"ఆ ఫోన్ ఎవరిదో గానీ," అంది బ్యాంకు మేడమ్ ఎటో చూస్తూ, "పాపం ఎవరో తెగ చేస్తున్నారు."

ఏడో ఫోన్ అయ్యాక అధికారి ఫైలు లాక్కుని తనే తిప్పాడు. ఒకటో ఫారం, రెండోది, మూడోది. అతని మొహం ఎర్రబడింది.

"ఎనిమిది ఫారాలు. ఒకటే నంబరు! బ్యాచ్ నిలబెట్టుకోవడానికి అన్నీ ఈవిడే కూర్చుని నింపేసింది. ఇది మోసం కాదా?"

"ఎవరి నంబరు సార్ అది?" అడిగాడు మేనేజర్.

"ఈవిడదే, ఈవిడ ఫారం మొదట్లోనే ఉంది! చదువుతాను వినండి. బంధుత్వం: కోచ్. ఇంకొకటి, బంధుత్వం: ఆరింటి మనిషి. ఇంకొకటి, బంధుత్వం: రోజూ కనిపించేది ఈ అమ్మాయే. ఇదిగో టైలర్‌ది, బంధుత్వం: ఏమీ కాదు, అయినా వస్తుంది. బ్యాంకు మేడమ్‌ది, బంధుత్వం: చెల్లెలు. చెల్లెలట! పొద్దున లేస్తే అక్కా అక్కా అని పిలుస్తూ చెల్లెలని రాస్తారా?"

నుదుటి మీద తడి టవలు పెట్టుకుని నేల మీద పడుకున్న విజిలక్క కళ్లు మూసుకుంది. అధికారి అది నేరం ఒప్పుకోవడం అనుకున్నాడు.

మాస్టారు కుర్చీ మీద కాలు పెట్టుకుని, మిగతా ఏడుగురూ తమ తమ చోట్లలో, గోడ కాగితాల కింద, శిక్ష పడ్డ పిల్లల్లా ఉండిపోయారు. ముందుగా టైలర్‌కి నోరొచ్చింది.

"అదేంటి మాస్టారూ, మీ మేనకోడలు రోజూ ఫోన్ చేస్తుందన్నారు?"

"చేస్తుంది. నాకు కాదు. నీ బావమరిది పక్క వీధే అన్నావుగా?"

"పక్క వీధే. నన్ను చూస్తే ఆ పక్క వీధిలోకి తిరిగిపోతాడు."

బ్యాంకు మేడమ్ ముక్కు తుడుచుకుంది. "ఇంట్లో అడిగి రాస్తానన్నాను. వెళ్లి అడిగాను. ఎవరూ పలకలేదు. ఉంటే కదా."

అప్పుడు కౌంటర్ అమ్మాయి ఒక్క కేక పెట్టింది. "సార్! గుర్తొచ్చింది! కోచ్ మేడమ్ రాసిన నంబరు మన కౌంటర్‌దే సార్! మన ఫోన్ నుంచి మన ఫోన్‌కే చేస్తున్నాను!"

అధికారి మళ్లీ రూల్స్ పుస్తకాన్నే పట్టుకున్నాడు. "ఏదైనా సరే. దెబ్బ తగిలిన ఉద్యోగిని బంధువులకే అప్పగించాలి. వాళ్లు వచ్చేదాకా ఈవిడని కదలనివ్వను."

"మేం బంధువులమే," అన్నాడు టైలర్.

"ఏమవుతారు?"

"రాసిచ్చాంగా. మళ్లీ చదువుకోండి."

తడి బూట్లతో ఏడుగురూ ఆమె చుట్టూ చేరారు. ఇద్దరు ఆమెని లేపారు, ఇద్దరు మాస్టారిని. టైలర్ బట్టలు చేరవేసే వ్యానులో తొమ్మిది మందీ సర్దుకుని ఆస్పత్రికి పోయారు. అక్కడా ఒక ఫారం ఇచ్చారు. అక్కడా అదే ప్రశ్న. పెన్ను కోసం ఎనిమిది మందీ కొట్టుకున్నంత పని చేశారు. చీమ తలకాయంత అక్షరాలతో రాసినా గడి చాలక పేర్లు పక్కనున్న వయసు గడిలోకి, అక్కణ్ణుంచి రక్తం గ్రూపు గడిలోకి పాకాయి.

"ఇది ఒక్క మనిషి ఫారమా, ఓటర్ల జాబితానా?" అన్నాడు ఆస్పత్రి గుమాస్తా.

ఇంటికొచ్చాక విజిలక్క ఎడం చేత్తో ఫోన్ తెరిచింది. పది మిస్డ్ కాల్స్. పదీ కౌంటర్ నంబరు నుంచే. మధ్యలో ఎక్కడైనా అక్కది ఇరుక్కుందేమోనని రెండుసార్లు చూసింది. ఇరుక్కోలేదు.

శనివారం మీ కాగితం వచ్చింది. "ఎనిమిది మందికి ఒకే అత్యవసర వ్యక్తి ఉండుట నిబంధనలకు విరుద్ధం. సొంత కుటుంబ సభ్యుల నంబర్లు సమర్పించు వరకు ఆరు గంటల బ్యాచ్ నిలిపివేయడమైనది." డాన్సు వాళ్లు వచ్చారు. మూడు రోజులు వచ్చి, పొద్దున్నే లేవలేక మానేశారు. ఇప్పుడు ఆరింటికి ఆ హాల్లో ఎవరూ లేరు. గోడకి ఎనిమిది కాగితాలు, వాటి కింద చీకటి.

గేటు బయట మాత్రం ఉన్నారు. ఎనిమిది మంది, చేతికి కట్టుతో విజిలక్క. ఫుట్‌పాత్ మీద ఏ చోటు తర్వాత ఏ చోటో ఆమె సుద్దముక్కతో గీస్తుంది. కట్టు కాలుతో మాస్టారు కూర్చున్నచోటే లెక్కపెడతారు. విజిల్ ఊదితే కాపలావాడు వచ్చి కసురుతాడని, చెయ్యెత్తి సైగ చేస్తే మారతారు. ఏడు కాగానే ఎవరి దారి వాళ్లది, ఎవరి గది వాళ్లది. ఆ తర్వాతి ఇరవై మూడు గంటల గురించి మీ ఫారంలో ఏ గడీ లేదు.

దెబ్బ తగిలాక విజిలక్క గదిలో పరుగు మానేసింది. నాలుగో రోజు మధ్యాహ్నం, పైన ఏ చప్పుడూ లేకుండానే, కింద నుంచి చీపురు కర్ర రెండుసార్లు తట్టింది. ఏమైందని అడిగినట్టు. ఆమె చాలాసేపు ఆలోచించి, మడమతో నేలని రెండుసార్లు తట్టింది.

ఇక మీరు చేయాల్సింది చెబుతాను. రేపు ఆరింటికి ఆ హాలు తాళం తియ్యండి. బరువులు కొనండి. ఫారంలో బంధుత్వం అన్న మాట కొట్టేసి, పద్నాలుగో గడిని ఎనిమిది పేర్లు పట్టేంత పెద్దది చెయ్యండి.

అంతవరకూ విజిలక్కకి ఏమైనా అయితే ఫోన్ వచ్చేది మీ కౌంటర్‌కే. ఎత్తండి.