హీటరుకు పసుపు వైద్యం

ఖమ్మంలో హీటరున్న కారు కొనడమంటే గోదావరి ఒడ్డున ఇల్లు కట్టుకొని పెరట్లో బావి తవ్వించుకోవడమే. ఎండాకాలం స్టీరింగు మీద చెయ్యి వెయ్యలేని ఊళ్లో హీటరెందుకయ్యా అని ఎవరైనా అంటే బెంజమిన్ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "డిసెంబర్ల పొద్దుగాల భద్రాచలం అడవి రోడ్డు మీద పోయి చూడు, హీటరెందుకో తెలుస్తది" అనేవాడు. పాపం, ఆయనకూ తెలియదు. డిసెంబరులో సూర్యుడికంటే ముందు లేచిన మనిషి కాదు.

బెంజమిన్ ఓ ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఉత్తరాది నుంచి బదిలీ మీద వచ్చి, మళ్లీ బదిలీ మీదే వెళ్లిపోయిన ఒక ఆఫీసరు దగ్గర ఆ కారును సెకండ్ హ్యాండులో కొన్నాడు. దానికి ఏసీ పనిచేయదు. వెనక అద్దం ఒకటి కిందికి దిగితే పైకి రాదు. హారను తన ఇష్టమొచ్చినప్పుడు మోగుతుంది. సక్రమంగా పనిచేసేది హీటరొక్కటే కాబట్టి ఆయన దాని గురించే చెప్పుకునేవాడు. "మన ఆఫీసుల ఎవరి కారుకన్న ఉన్నదా హీటరు?" అని అడిగేవాడు. ఎవరి కారుకూ లేదు. అసలు ఆఫీసులో ఇంకెవరికీ కారే లేదు.

చలి మొదలయ్యేసరికి ఆ కారులో ఏదో తియ్యటి వాసన మొదలైంది. ముందు అద్దానికి లోపలివైపు జిడ్డుగా ఆవిరి పట్టేది. రేడియేటరులో పొద్దున పోసిన కూలెంటు కలిపిన నీళ్లు సాయంత్రానికి సగమయ్యేవి. మెకానిక్ చందూలాల్ డాష్‌బోర్డు కింద తల దూర్చి, తడి వేలును వాసన చూసుకుంటూ బయటికొచ్చాడు.

"సార్, హీటర్ కోర్ పోయింది. లోపల చిన్న రేడియేటర్ లెక్క ఉంటది. ఇంజన్ల వేడినీళ్లు దాంట్లకు వస్తయి, ఫ్యాను దాని మీదికెల్లి గాలి కొడ్తది, మీకు వెచ్చగ తగుల్తది. గదే చిల్లిపడ్డది. ముందు సీట్ల కూసున్నోళ్ల కాళ్ల మీద కారుతది. కూలెంటు తియ్యగుంటది గదా, చీమలు గూడ పడ్తయి."

"మారుస్తవా మరి?"

"మార్చాలంటే డాష్‌బోర్డు మొత్తం ఇప్పాలె. సామాను ఈడ దొరకదు. ఎందుకు సార్, ఇంజన్ కాడ రెండు పైపులు కలిపేస్త. హీటర్‌కు నీళ్లే పోవు, ఇగ కారేదేముంటది? ఖమ్మంల హీటర్ ఎవనికి కావాలె?"

ఎవనికి కావాలె! ఆ మాట బెంజమిన్‌కు గుండెల్లో గుచ్చుకుంది. పనిచేసే ఒక్కటీ పోతే ఇక ఆ కారు గురించి ఏం చెప్పుకోవాలి? పైగా పండగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్‌కు మామగారిని ఆ హీటరు కారులోనే దుమ్ముగూడెం తీసుకెళ్తానని మాటిచ్చి ఉన్నాడు.

మామగారంటే జకర్యా మాస్టారు. సైన్సు చెప్పి చెప్పి హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. పెళ్లైన నాటి నుంచి అల్లుడి మీద ఆయనది ఒకటే అభిప్రాయం. "మా అల్లుడు బకెట్ కొంటే దానికి సుత చిల్లుంటది" అనేవాడు, అదీ చుట్టాలందరి ముందూ. ఆ మాటను హీటరుతో వెనక్కి తీసుకునేలా చెయ్యాలని బెంజమిన్ పంతం.

రేడియేటరు కారితే లారీ డ్రైవర్లు పసుపు పోస్తారని ఆయన ఎక్కడో విని ఉన్నాడు. భార్య తబిత చర్చి పాటల ప్రాక్టీసుకు వెళ్లగానే వంటింట్లోంచి పసుపు డబ్బా ఎత్తుకొచ్చి రేడియేటరులో కుమ్మరించాడు. రెండ్రోజులు చుక్క కారలేదు. ఆ రెండ్రోజులూ ఆయన తనను తాను ఇంజనీరుననుకున్నాడు.

ఆదివారం చీకటితోనే అత్తామామలూ, తబితా, ఆయనా బయల్దేరారు. సొంతూరు దుమ్ముగూడెం చర్చి సంఘంలో జకర్యా మాస్టారు ఎన్నో ఏళ్లుగా పెద్ద. కుర్చీలు వేయించాడు, గోడలకు సున్నం వేయించాడు, గానీ బైబిలు వాక్యం చెప్పమని ఆయన్నెవరూ అడగలేదు. ఈసారి అడిగారు. ఖమ్మంలో కూతురింటికి వచ్చి ఉన్నన్ని రోజులూ వరండాలో అటూ ఇటూ తిరుగుతూ గోడకు ప్రసంగం చెప్పుకున్నాడు. గంజి పెట్టిన తెల్ల పంచె కట్టుకొని, చెప్పులు విప్పి పక్కన పెట్టుకొని, ముందు సీట్లో దర్జాగా కూర్చున్నాడు. పెద్దవాళ్లకు ముందు సీటివ్వడం మన మర్యాద. హీటరు కోరు కారేది కూడా సరిగ్గా అక్కడే.

పాల్వంచ దాటి అడవిలోకి వచ్చాక చలి వణికించింది. బెంజమిన్ ఠీవిగా హీటరు మీట తిప్పాడు. వెచ్చటి గాలి వచ్చింది.

"పర్వాలేదు బెంజమినూ. బాగున్నది" అన్నాడు మామగారు.

మామగారి నోట బాగున్నదనే మాట వినడం అదే మొదలు. బెంజమిన్‌కు కళ్లు చెమర్చాయి. అద్దం మీద ఆవిరేమోనని దాన్ని తుడిచాడు, ఆ తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

గోదావరి వంతెన ఎక్కేసరికి మామగారు మాట్లాడటం మానేశాడు. మోకాళ్లు రెండూ దగ్గరపెట్టుకొని, కండువా ఒళ్లో పరుచుకొని, బిగుసుకుపోయి కూర్చున్నాడు. బెంజమిన్ ఓరగా కిందికి చూశాడు. డాష్‌బోర్డు కింది నుంచి పచ్చటి నీళ్లు ఆయన పంచె కుచ్చిళ్ల మీద చుక్క చుక్కగా పడుతున్నాయి. చెబుదామని నోరు తెరిచాడు. బకెట్ గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాడు. దిగాక చెప్పొచ్చులే అనుకున్నాడు.

చర్చి ముందు కారు దిగగానే వెనక సీట్లోంచి వచ్చిన అత్తగారు సంపూర్ణమ్మ కళ్లు భర్త పంచె మీద పడ్డాయి.

"ఏమయ్యా, ఇదేంది?"

జకర్యా మాస్టారు తల దించుకున్నాడు. బడిలో పిల్లలందరినీ తల దించుకోబెట్టిన మనిషి. "నాకేం తెలువలే సంపూర్ణా. వెచ్చగ అనిపించింది, గంతే" అన్నాడు, వినపడీ వినపడనట్టు.

తబిత నాన్న చెప్పులు తీయబోయి కారులోకి వంగింది. "అమ్మా! చీమలు పట్టినయే!"

"ప్రభువా! షుగరు!" అని సంపూర్ణమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

"అత్తయ్యా, అదీ..." అన్నాడు బెంజమిన్.

"మీరు ఊకోండి బాబూ, ఇది నలుగురికి తెలిసే ముచ్చట కాదు" అని ఆవిడ నేరుగా వెళ్లి ముత్తక్కకు చెప్పింది. ముత్తక్క ఆ చర్చిలో స్త్రీల సమాజానికి నాయకురాలు. ముత్తక్కకు చెప్పడమంటే ఊరికి చెప్పడమే. క్షణాల్లో ఒకరు కుర్చీ తెచ్చారు. దాని మీద ఇంకొకరు, మర్యాదగానే, ప్లాస్టిక్ కవరు పరిచారు. పాస్టరు గారు వచ్చి మాస్టారి చేతులు పట్టుకున్నాడు. "మాస్టారూ, మీరు ఆరాంగ కూసోండి. వాక్యం నేను చెప్త" అన్నాడు. ఎన్నాళ్ల నుంచో మాస్టారు ఎదురుచూసిన రోజు అది. ఆయన ప్రసంగం కాగితాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ముత్తక్క మైకు అందుకుంది. "మన మాస్టారికి షుగరు ముదిరి తెలియకుండనే పోతున్నదంట. అందరం ప్రార్థన చేద్దం!" అంది. అందరూ చేశారు. అందరికంటే గట్టిగా చేసింది బెంజమిన్. కాకపోతే ఆయన అడిగింది వేరు. ప్రభువా, ఆ కారు దగ్గరికి ఎవ్వరినీ పోనియ్యకు అని.

పాస్టరు గారి ప్యాంటు ఒకటి తెచ్చి మాస్టారికిచ్చారు. పాస్టరు గారు పొట్టి, మాస్టారు పొడుగు. పిక్కలు బయటపెట్టుకొని ఆయన మళ్లీ ఆ ప్లాస్టిక్ కవరు మీద కూర్చున్నాడు. సంపూర్ణమ్మ పంచె పట్టుకొని బోరింగు దగ్గరికెళ్లి మరక మీద సబ్బు రుద్దింది. రుద్దగానే ఓ కేక పెట్టింది.

"రక్తం! వామ్మో, రక్తం!"

చర్చి చర్చంతా బోరింగు దగ్గరికి ఉరికింది. నిజమే, పచ్చటి మరక ఎర్రగా తిరిగింది. తబిత ఏడుపందుకుంది. ఎవరో భద్రాచలం దవాఖానాకు ఆటో మాట్లాడటానికి పరుగెత్తారు. బెంజమిన్‌కు నిజం చెప్పక తప్పదనిపించింది. ఒక అడుగు ముందుకేసి, మళ్లీ జనం వెనక్కి జరిగాడు.

మాస్టారు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. పంచె తీసుకున్నాడు. చూశాడు, వాసన చూశాడు.

"సంపూర్ణా, సబ్బు రుద్దినవా?"

"అవ్."

"రుద్దకముందు పచ్చగున్నది. రుద్దినంక ఎర్రగైంది. అంతేనా?"

"అవ్, అంతే!"

ఆ పొట్టి ప్యాంటులోనే హెడ్మాస్టరు నిటారుగా నిలబడ్డాడు. "ఈడున్నోళ్లల్ల సగం మందికి నేను పాఠం చెప్పిన. ఒక్కనికి గుర్తులేదా? పసుపుకు సబ్బు తగిలితే ఎర్రగైతది! మనిషి ఒంట్లకెల్లి పసుపెట్ల వస్తదిరా?"

తబిత ఏడుపు ఆపి, ముక్కు తుడుచుకొని, మెల్లగా మొగుడి వైపు తిరిగింది. "నా పసుపు డబ్బా ఏడికి పోయిందా అని ఇల్లంతా ఎతికిన" అంది. తబిత చూసిన వైపే జనమంతా చూశారు.

"హీటరు కోరు మామయ్యా" అన్నాడు బెంజమిన్. "చిల్లిపడ్డది. పసుపు పోసి ఆపిన."

"ఆపినవా?"

"రెండ్రోజులు ఆగింది."

మాస్టారు పంచెను అల్లుడి ముందుకు చాపాడు. "తొవ్వ పొడుగూత నా ఒళ్లే పాడైందనుకొని సిగ్గుతోని చచ్చిపోయిన. నువ్వు పక్కన కూసొని చూసినవ్. ఎందుకు చెప్పలే?"

"మీరు బకెట్ అంటరని."

"మరి ఇప్పుడేమనాలె?"

దానికంటే మామగారు బకెట్ అన్నా బాగుండేదనుకున్నాడు బెంజమిన్. జీవితంలో అంత సిగ్గు ఆయన ఎన్నడూ పడలేదు. చీమల బారు వెంట ఆ చిల్లిలో దూరిపోదామా అనిపించింది.

మాస్టారు ఆ పొట్టి ప్యాంటుతోనే వెళ్లి పాస్టరు గారి చేతిలోంచి మైకు తీసుకున్నాడు. జేబులోని కాగితాలు బయటికి తియ్యలేదు. దాపరికం గురించి చెప్పాడు. మనిషి తన చిల్లిని ఎంత పసుపుతో మూసినా అది ఎవరో ఒకరి తెల్ల పంచె మీద తేలుతుందని చెప్పాడు. జనం నవ్వారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. ముందు వరసలో కూర్చున్న బెంజమిన్ ప్రతి మాటకూ తల ఊపాడు. ఇంకేం చేస్తాడు?

వాక్యం అయ్యాక, చర్చి పక్క షెడ్డులో అప్పుడే మొదలైన షుగరు పరీక్షల క్యాంపులో మాస్టారిని ఎలాగైనా చూపించాలని సంపూర్ణమ్మ పట్టుబట్టింది. పసుపు సంగతి తేలింది గానీ ఆవిడకు చీమల సంగతి ఇంకా మింగుడుపడలేదు. పాపపరిహారం చేసుకునే అవకాశం దొరికిందనుకొని బెంజమిన్ ముందుకొచ్చాడు. "భయపడకండి మామయ్యా, తోడుగ నేను గూడ వేలిస్త" అన్నాడు. నర్సు ప్రమీల ఇద్దరి వేళ్లూ పొడిచింది. మాస్టారిది బ్రహ్మాండంగా ఉంది. బెంజమిన్‌ది చూసి ఆమె మిషను విదిలించింది. మళ్లీ పొడిచి, మళ్లీ చూసింది.

"సార్, పొద్దుగాల ఏం తిన్నరు?"

"ప్రయాణం హడావిడిల ఏం తినలే."

"అయితే మీకు షుగరున్నది సార్. శానా ఉన్నది."

ముత్తక్క అప్పటికే మైకు వైపు నడుస్తోంది. మాస్టారు లేచి వచ్చి అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతిలో కోపం లేదు, అదే బెంజమిన్‌కు ఇంకా కష్టంగా తోచింది.

"ఫికర్ చెయ్యకు అల్లుడూ" అన్నాడు. "జర పసుపు పోసి చూడు. రెండ్రోజులు ఆగుతది."

మర్నాడు ఖమ్మంలో చందూలాల్ రెండు పైపులూ కలిపి హీటరుకు నీళ్లు బంద్ చేశాడు, ఇంట్లో తబిత బెంజమిన్‌కు చక్కెర బంద్ చేసింది. ఇద్దరిలో కారే కాస్త నయంగా నడుస్తోంది.