సాలమ్మ స్నానరక్షణ మహాసంగ్రామం

వినువారికి శుభమగుగాక, కనువారికి కనువిందగుగాక. మాఘమాసపు మంచుతెర మెల్లగా తొలగుతున్న ఒకానొక ప్రభాతాన, తిరుమలగిరికి ఆవల, కంకిభారంతో తలలు వంచిన జొన్నచేలకూ తల వంచడమెరుగని రాళ్లగుట్టలకూ నడుమ వెలసిన ఒక పల్లెలో, మంచెనెక్కి వడిసెల తిప్పి పిచ్చుకమూకలనూ చిలుకల దండునూ పారదోలిన వీరవరేణ్యుడు, విహంగకులభయంకరుడు, చూపుడువేలికి కాయకాచిన మహామహుడు జానయ్య, తన పెరట్లో నిలబడి వేపపుల్ల నములుతుండగా యుద్ధం వచ్చిపడింది. నోరు పుక్కిలించే వ్యవధి కూడా ఇవ్వలేదు.

యుద్ధకారణం ఆయన ధర్మపత్ని సాలమ్మ స్నానం. గోడకు అవతలిది ఆమె అన్న ఇల్లు. ఆ రోజు అన్న కూతురి పెళ్లి. మేనత్త తలంటు పోసుకుని వచ్చి మొదటి పసుపు పెట్టనిదే పెళ్లికూతురికి మరొకరు పసుపు పెట్టరాదని ఆ ఇంటి ఆచారం. మేనకోడలు పుట్టిన నాటి నుంచీ సాలమ్మ ఆ ఘడియ కోసం కాచుకుని ఉంది. ఆమె ఆలస్యం చేస్తే ఆ భాగ్యం తన్నుకుపోవడానికి పెళ్లికూతురి పినతల్లి పసుపుగిన్నెతో సిద్ధంగా ఉంది. అందుకే సాలమ్మ వేన్నీళ్ల బకెట్టుతో, కప్పులేని తడకల మరుగులోకి అడుగుపెట్టింది.

పెట్టీపెట్టగానే ఆకాశం ఝుమ్మంది. చతుష్పక్షసమన్వితము, ఏకనేత్రవిరాజితము, గండుతుమ్మెదల గుంపంత ఘోషతో గగనతలాన్ని గడగడలాడించే ఒక యంత్రరాక్షసి తడకల మీదికి వచ్చి ఆగింది. దాన్ని ఆడిస్తున్నవాడు నకిరేకల్ నుంచి వచ్చిన పెళ్లి ఫోటోగ్రాఫర్ ప్రేమ్‌సాగర్. షామియానా కింద కూర్చుని పందిరి మొత్తాన్ని పైనుంచి తీస్తున్నాననుకుంటున్నాడు, అది పక్కింటి పెరటి మీదికి జరిగిన సంగతి గమనించకుండా.

సాలమ్మ కొంగు బిగించి తడక సందులోంచి తల బయటపెట్టింది.

"ఏమయ్యా, ఇంటున్నవా? గదేందో నా నెత్తి మీదికొచ్చి కూసుంది. నేనెట్ల తానం జెయ్యాలె? అవతల మా వదినె చెల్లె పసుపుగిన్నె వట్టుకొని కూసున్నది. జొన్నలకాడ పిట్టల కొడుతవు, ఇంటికాడ గిదాన్ని కొట్టలేవా?"

ఈ మాట జానయ్య గుండెల్లో గునపమై దిగింది. ఆయన వేపపుల్ల పారేశాడు, తలపాగా బిగించాడు, దూలానికి వేలాడుతున్న వడిసెల అందుకుని గుండ్రని రాయొకటి అందులో నిలిపి, మునివేళ్ల మీద లేచి, ఆకాశాన్ని ఉద్దేశించి ఇలా పలికాడు:

"ఓరి గాలిపురుగా, ఇను. మా తాత వడిసెల వడితే చిలుకలు మూసీ దాటి పోయినయి. నా రాయికి కొంగ తప్పలేదు, గద్ద తప్పలేదు. నా ఇంటిదాని తానంకాడ కన్ను వెట్టినవ్. గా కన్ను గీ పొద్దు నేల రాలాలె."

వడిసెల గిర్రున తిరిగింది. అప్పుడే ఇంట్లోంచి పరుగున వచ్చింది ఆయన కూతురు భాగ్యశ్రీ. మహబూబ్‌నగర్‌లో కానిస్టేబులు, పెళ్లికని సెలవు పెట్టి వచ్చింది.

"నాయినా, ఆపు. చట్టం కాయిదం మీద గా డ్రోను గూడ గాలిమోటరే, ఇమానం లెక్కనే. కూలగొడితే నీ మీద కేసైతది, నష్టం కట్టాలె, జైలు గూడ పడొచ్చు."

"పడనీ బిడ్డా."

"కేసు సంగతి ఇడువు. జర గోడ అవతల చూడు. బగార అన్నం కాగులు, పొయ్యిలు, వంటోళ్లు, ఆడుకునే పోరగాళ్లు. దాని రెక్కలు కత్తుల లెక్క తిరుగుతున్నయ్. బ్యాటరీ పగిలితే మంట లేస్తది, షామియానా అంటుకుంటది."

"నా రాయి తప్పదు."

"తప్పకుంటెనే మోసం. తగిలినంక అది యాడ పడుతదో నీ చేతుల లేదు."

ఈ హితోపదేశం సాగుతున్నంతసేపూ వడిసెల తిరుగుతూనే ఉంది. జానయ్య భుజం పీకుతోంది. గోడ మీదుగా ఆయనకు కాగుల ఆవిరి కనిపించింది, ఆ ఆవిరిలో దూరి ఆడుతున్న పసిపిల్లలు కనిపించారు. జీవితంలో మొదటిసారి ఆయనకు తన గురి మీద భయం వేసింది.

"మరి మీ అమ్మ తానం?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఆడమనిషి తానంకాడ కెమెరా నిలిపితే తప్పు వానిది. దానికీ కేసుంది. నేను పోయి దింపిస్త. నువ్వు రాయి దించు."

రాయి వదలడం ఎవరికైనా చేతనవుతుంది. తిరిగే వడిసెలను ఆపడమే మగతనం. వీరాధివీరుడు పళ్లు బిగించి, వేగం తగ్గించి, చెయ్యి దించి, చుట్టు మీద చుట్టుగా ఆ ప్రళయవేగాన్ని తన మోకాలి దాకా తెచ్చి నిలిపాడు. రాయి జారి ఆయన బొటనవేలి మీదే పడింది. వీరుని కళ్లలో నీళ్లు తిరిగాయి.

కుంటుకుంటూ లోపలికి వెళ్లి నీలిగళ్ల దుప్పటి తెచ్చాడు. ఒక అంచు తడకకు కట్టాడు. రెండో వైపుకు చాలలేదు. రుబ్బురోలు మీదికెక్కి, ఆ వైపు కొసలు రెంటినీ రెండు చేతులతో పైకెత్తి, మొహం వీధివైపు తిప్పుకుని నిలబడ్డాడు.

"పోసుకోయే. నేనున్న."

అవతల భాగ్యశ్రీ గొంతు ఖణేలున వినిపించింది. ప్రేమ్‌సాగర్ "చూసుకోలేదు మేడం, సారీ" అంటున్నాడు. యంత్రరాక్షసి బుద్ధిగా వెనక్కి మళ్లి షామియానా పక్కన దిగింది. భాగ్యశ్రీ దగ్గరుండి ఆ పెరటి బొమ్మలన్నీ చెరిపించింది. ఆకాశం ఖాళీ అయినా జానయ్య చేతులు మాత్రం దించలేదు, సాలమ్మ దించమనలేదు గనుక. దుప్పటి కింద చెంబు మోగుతూ ఉంది. కుంకుడు వాసన వస్తూ ఉంది. ఆమె కూనిరాగం కూడా తీస్తూ ఉంది, అంత తొందరలోనూ.

జుట్టులోంచి ఇంకా నీళ్లు కారుతుండగానే సాలమ్మ గోడ దాటి, పినతల్లి చెయ్యి లేచేలోపు, మేనకోడలి చెంపకు పసుపు రాసింది.

కావున లోకులారా, ఆలకించండి. ఒక్క రాయి ఎగరలేదు, ఒక్క కాగు పగలలేదు, ఒక్క పసివాడి చర్మం గీసుకుపోలేదు. సాలమ్మ తన పెరట్లో నిశ్చింతగా తలంటు పోసుకుంది. జానయ్యకు విజయం, బొటనవేలికి వాపు.