సొంతిల్లున్నవారికి కాలిక్యులస్

నాచారం సుందర విహార్ కాలనీ సంక్షేమ సంఘం వారు, వినాయకుణ్ణి నిమజ్జనం చేసి వచ్చిన వారంలోనే, ఖాళీ అయిన కమ్యూనిటీ హాల్లో కమ్యూనిటీ కాలేజీ ప్రారంభించారు. ఉప్పల్ రింగురోడ్డు నుంచి మేడిపల్లి దాకా గోడ కనిపిస్తే చాలు, ఇంజనీరింగ్ కాలేజీ బోర్డు వేలాడుతున్న రోజులవి. మన కాలనీ ఎందులో తీసిపోయిందని అధ్యక్షులు సత్యనారాయణమూర్తి గారు అడిగారు. ఎందులోనూ తీసిపోలేదని సభ్యులు ఏకగ్రీవంగా తీర్మానించారు. వీధిలో పొంగిపొర్లే మోరీ సంగతి ఎజెండాలో లేదు కనుక దాన్నెవరూ ఎత్తలేదు.

పెద్దలకు సాయంకాలం పూట గణితం నేర్పాలని నిశ్చయమైంది. భిన్నాలూ శాతాలూ చెప్పే అంకగణితం, దాని పైన బీజగణితం, అన్నిటికీ పైన కాలిక్యులస్. ప్రతి వాటా నుంచీ ఒకరు విధిగా చేరాలి. రిటైరైన లెక్చరర్ సుబ్రహ్మణ్యం గారు పాఠాలు చెప్పడానికి ఒప్పుకుని, ఎవరు ఏ కోర్సుకు తగినవారో తేల్చడానికి చిన్న పరీక్ష పెడదామని అమాయకంగా అన్నారు.

"పరీక్షా?" అని మూర్తి గారు నొచ్చుకున్నారు. "సంసారులండీ వీళ్లు. ఇళ్లు కట్టినవాళ్లు, పెళ్లిళ్లు చేసినవాళ్లు. అలాంటివాళ్లను పట్టుకుని మీకు లెక్కలొచ్చా అని అడుగుతామా? అదేం మర్యాదండీ?"

అందుచేత సంఘం తన ఆచారాన్నే పాటించింది. నీళ్ల ట్యాంకరు దగ్గరైనా, వనభోజనాల పంక్తిలోనైనా ఆ కాలనీలో వరుస ఒకటే. ముందు ఓనర్లు, తర్వాత ప్లాటు కొని ఇల్లు కట్టనివారు, చివర కిరాయిదార్లు. గణితాన్నీ ఆ వరుసలోనే పంచారు. ఓనర్లకు కాలిక్యులస్ ఇచ్చారు. ఖాళీ జాగాలో ఇల్లుందనుకుని కాలం గడిపేవారికి ఎక్స్ అనుకోవడం కష్టం కాదని బీజగణితం ఇచ్చారు. బాత్రూమూ నీళ్ల ట్యాంకూ పంచుకుని బతికే కిరాయిదార్లకు భిన్నాలు సహజంగానే అబ్బుతాయని వారిని అంకగణితంలో వేశారు. ఇంత శాస్త్రీయమైన విభజన ఏ విశ్వవిద్యాలయమైనా చేసిందేమో మీరే చెప్పాలి.

ఈ విభజన వల్ల చిక్కులో పడ్డవాడు బాలరాజు ఒక్కడే. మల్లాపూర్‌లో రంగుల ఫ్యాక్టరీలో పని చేస్తూ, చెమటోడ్చి కింద ఒక వాటా, పైన ఒక వాటా కట్టుకున్న మనిషి. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ కుర్చీ ఖాళీ అయింది. అది కావాలంటే రాతపరీక్ష పాసు కావాలి, అందులో అన్నీ భిన్నాలూ శాతాలే. ఏడో తరగతిలో భిన్నాల పాఠం నాడు మొదలైన భయం బాలరాజును ఇంకా వదల్లేదు. పైగా పోటీకి వస్తున్నది ఎవరో కాదు, తను నలుగురి చేతులూ పట్టుకుని బతిమాలి అదే ఫ్యాక్టరీలో చేర్పించిన సొంత బామ్మర్ది సాంబయ్య. రేపటినుంచి వాణ్ణి సార్ అని పిలవాల్సి వస్తుందేమోనని బాలరాజుకు అన్నం సయించడం లేదు.

"ఎవలకొచ్చినా మనింట్లకే గద, గంత ఫికరెందుకు?" అంది భార్య సారలమ్మ. సాంబయ్య ఆమె తమ్ముడు. ఆమె న్యాయం ఆమెది.

కాలిక్యులస్ క్లాసు దివ్యంగా సాగేది. సుబ్రహ్మణ్యం గారు బోర్డు నిండా పాముల్లాంటి గుర్తులు వేస్తే ఓనర్లందరూ తల ఊపేవారు. చేతిరాత ముత్యాల్లా ఉందని ఒకరు మెచ్చుకునేవారు. ఒక్కరికీ ఒక్క సందేహమూ కలిగేది కాదు. బాలరాజు కూడా ఊపి ఊపి మెడనొప్పి తెచ్చుకున్నాడు.

బాలరాజు ఇంటి పై వాటాలో కిరాయికున్న మహిపాల్ ఎమ్మెస్సీ మ్యాథ్స్. ఉప్పల్లో జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. కిరాయిదారు కనుక కమ్యూనిటీ కాలేజీలో భిన్నాలు నేర్చుకుంటున్నాడు. అతన్నే అడగొచ్చు కదా అని మీరంటారు. మీకు సొంతిల్లు లేదని దాంతోనే తెలిసిపోతోంది. పొద్దున భిన్నాలు చెప్పించుకున్న నోటితో, సాయంత్రం నీళ్ల మోటారు ఎందుకేసినవని ఏ ఓనరు అడగగలడు?

చివరికి బాలరాజు సిగ్గు చంపుకుని మూర్తి గారి దగ్గరికి వెళ్లాడు. "సారూ, నాకు భిన్నాలు రావు. జర కింది క్లాసుల కూసోబెట్టున్రి."

మూర్తి గారు లేచి తలుపు వేసి వచ్చారు. "మెల్లిగా బాలరాజు గారూ! ఇవాళ మీరు భిన్నాల్లోకి దిగితే రేపు మన కాలనీలో గజం రేటు ఏం కావాలండీ? ఓనరుగా ఉండి ఆ క్లాసులో కూర్చోవడం నిబంధనలకు విరుద్ధం. కిరాయిదారైతే అభ్యంతరం లేదు."

నిబంధన ఒప్పుకున్న దారే బాలరాజు పట్టాడు. మహిపాల్‌తో మాట్లాడుకుని, ఇల్లు అతనికి అప్పజెప్పినట్టు సంఘానికి తెలియజేసి, సామాను పైకి చేర్చాడు. మహిపాల్ కిందికి దిగాడు. సారలమ్మ మాత్రం మెట్లెక్కుతూ దిగుతూ ఇద్దరినీ సమానంగా తిట్టింది.

మహిపాల్ కాలిక్యులస్‌కు వెళ్లిన మొదటి రోజే చెయ్యెత్తి, బోర్డు మీద మైనస్ గుర్తు తప్పిపోయిందన్నాడు. హాలు నివ్వెరపోయింది. సందేహం వచ్చిందంటే ఇతని ఇంటి రిజిస్ట్రేషన్‌లో ఏదో తిరకాసుందని సంఘం గుసగుసలాడింది. తెలివైనవాడు కనుక మహిపాల్ మర్నాటి నుంచి తల ఊపడం మొదలుపెట్టాడు. ఆ సంక్రాంతికే అతణ్ణి సంఘానికి సహాయ కార్యదర్శిని చేశారు.

కిరాయిదార్ల మధ్య బాలరాజు మొదటిసారి చెయ్యెత్తాడు. "సారూ, మూడు కంటె నాలుగు పెద్దది. మరి మూడో వంతు కంటె నాలుగో వంతు సిన్నగెట్లయితది?" ఎవరూ నవ్వలేదు. సుబ్రహ్మణ్యం గారు ఒక రొట్టె తెప్పించి ముగ్గురికీ, ఇంకో రొట్టె తెప్పించి నలుగురికీ పంచారు. నలుగురి పంక్తిలో ఉన్న బాలరాజు తన ముక్క వంకా పక్క పంక్తి ముక్క వంకా చూశాడు. ఇన్నేళ్ల భయం ఇంత చిన్న ముక్కా అని అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

ఎండాకాలం మొదట్లో బాలరాజు పరీక్ష పాసై ఫోర్‌మన్ అయ్యాడు. సాంబయ్యే ముందుగా వచ్చి దండ వేశాడు. ఆ సంబరంలో బాలరాజు పైన స్నానానికని మోటారు వేస్తే, కింది నుంచి కేక వినిపించింది.

"ఎవలు మోటారేసింది? గిది ఎవలయ్య జాగీరు?"

కేక వేసిన మహిపాల్ తన గొంతు తనే విని నాలుక కరుచుకున్నాడు. "అన్నా, మాఫ్ జెయ్. కింద ఉంటే గట్లనే వస్తుంది" అన్నాడు. ఆ ఆదివారమే ఎవరి వాటాకు వారు చేరుకున్నారు. సహాయ కార్యదర్శి పదవి మాత్రం మహిపాల్‌తో మెట్లెక్కలేదు.

వార్షికోత్సవంలో బాలరాజు ధైర్యం చేసి లేచాడు. "ఓనర్లల్ల గూడ భిన్నాలు రానోళ్లుంటరు. సిగ్గువడకుంట నేర్సుకునేటట్టు జెయ్యున్రి."

మూర్తి గారు చిరునవ్వు నవ్వారు. "ప్రజాస్వామ్యం కదండీ, తేల్చేద్దాం. భిన్నాలు రాని ఓనర్లు దయచేసి చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. నిరుటిదాకా నాకూ రాలేదని చెబుదామని బాలరాజు చెయ్యి భుజం దాకా వచ్చింది. ముందు వరుసలో శాలువాలు కప్పుకున్నవారంతా వెనక్కి తిరిగి అతని వంకే చూశారు. ఆ చెయ్యి చెవి గోక్కుని కిందికి దిగింది. ఆ దిగడం ఎంత తేలికో తలుచుకుని అతను ఇంటికెళ్లేదాకా తలెత్తలేదు.

కాలనీలో భిన్నాలు రాని ఓనరు లేడని తీర్మానం రాసుకుని, అంకగణితం కోర్సును అనవసరమని ఎత్తేశారు. కిరాయిదార్ల తరఫున మాట్లాడేవారెవరూ ఆ సభలో లేరు. వారికి వెనక కుర్చీలు వేయడం మర్చిపోయారు.

ఇంతదాకా ఓపికగా చదివారు కనుక మిమ్మల్నీ ఒక మాట అడుగుతాం. మూడో వంతులో నాలుగో వంతు ఎంతో తెలియనివారు ఒకసారి చెయ్యెత్తండి.

ఎవరూ ఎత్తలేదు. చాలా సంతోషం. ఇంతకీ ఇల్లు ఎక్కడ కట్టుకున్నారండీ?