వంకాయ రంగు ఫేటా

విజ్ఞులైన పాఠకులకు తెలియజేయునది ఏమనగా, బోధన్ నుంచి రుద్రూర్ పోయే దారిలోని ఒక ఫంక్షన్ హాలులో మొన్న ఆదివారం పగటిపూట విశ్వ వాద్య శ్రవణ సంఘం ప్రారంభోత్సవం అత్యంత జయప్రదంగా జరిగింది. సంగీతం కూడా కొంత వినపడింది.

సంఘం అధ్యక్షులు రామకోటేశ్వరరావు. కాలువ నీళ్ళను చూసి తాతల నాడే కోస్తా నుంచి వచ్చి క్యాంపు పేరుతో ఊరు కట్టుకున్న కుటుంబం వారిది. వరి పండించారు, చెరకు పండించారు, ఇక పండించవలసింది సంస్కృతి ఒక్కటే మిగిలిందని ఆయనకు తోచింది. వెంటనే హైదరాబాదు నుంచి బీరువాలంత సౌండు బాక్సులు తెప్పించాడు. బాక్సులు దిగాక వాటిలో ఏం వినాలన్న ప్రశ్న పుట్టింది. ప్రశ్నను పరిశీలించడానికి సంఘం పుట్టింది. సంఘానికి ఉపాధ్యక్షులు, కార్యదర్శులు, సహాయ కార్యదర్శులు, గౌరవ సలహాదారులు ఒక్క పూటలో దొరికారు. వినేవాళ్ళను మాత్రం తర్వాత చూసుకోవచ్చని ఏకగ్రీవంగా తీర్మానించారు.

వినేవాడు నిజానికి ఒకడున్నాడు. పేరు జీవరాజు. రావు గారి పొలం పక్కనే, అదే తూము కింద అతనిదొక చిన్న చెక్క. మాట్లాడటం అతనికి మొదటి నుంచీ అలవాటు తక్కువ. ఎద్దులను అమ్మేశాక ఆ కాస్త కూడా తగ్గింది.

జీవరాజు కూతురు లిడియా. ఊరి మెథడిస్టు చర్చిలో హార్మోనియంతో మొదలుపెట్టి, ఇప్పుడు పూణేలో ఉద్యోగం చేసుకుంటూ ఒక వాద్య బృందంలో మనిషికన్నా ఎత్తైన ఫిడేలు వాయిస్తోంది. దాన్ని డబుల్ బేస్ అంటారు. తల్లి యేసమ్మ మాత్రం ఫోటో చూసి, "పోరి మంచాన్ని నిలవెట్టి పట్టుకున్నది," అని తేల్చింది. ఆ బృందంలో ఆఫ్రికా డోలు ఉంది, అరబ్బుల వీణ ఉంది, ఐర్లాండు పిల్లనగ్రోవి ఉంది, రాజస్థాన్ సారంగి ఉంది. పాడేవాళ్ళు లేరు. పూణేలో జనం ఎదుట వాయించినదాన్ని దగ్గుతో, చప్పట్లతో సహా రికార్డు చేసి 'ఏడు రేవులు' అని ఆల్బమ్ విడుదల చేశారు. అందులో ఐదోది లిడియాది. మిగతావాళ్ళంతా చేతులు కట్టుకుని కూర్చుంటే ఆమె ఒక్కతే వాయించింది.

జీవరాజు దాన్ని ఫోనులో విన్నాడు. ఆ ఫిడేలుది లోతు గొంతు. అతని ఫోనుకు అంత లోతు లేదు. ఎక్కడో గోడ అవతల ఎవరో బల్ల జరిపినట్టు తప్ప ఏమీ తెలియలేదు. చివర్లో చప్పట్లు మాత్రం వాన కురిసినట్టు కురిశాయి.

"పెద్ద డబ్బాలల్ల ఇనాలె బాపూ," అన్నది లిడియా. "గప్పుడు ఛాతిల తెలుస్తది."

పెద్ద డబ్బాలు దొరికేదాకా జీవరాజు చప్పట్లతోనే సరిపెట్టుకున్నాడు. పొద్దున నీళ్ళు కట్టడానికి పోయి, గట్టు మీద కూర్చుని, బిడ్డకు కొట్టిన చప్పట్లను మొదటి నుంచి చివరి దాకా విని, అప్పుడు పార పట్టుకునేవాడు. కాబట్టి రావు గారి ఇంట్లో బీరువాలంత బాక్సులు దిగాయని తెలిసిన రోజు, లిడియా ఆల్బమ్ ఎక్కించిన పెన్‌డ్రైవు జేబులో వేసుకుని వెళ్ళి ఆయన భార్య రాధాకుమారి చేతిలో పెట్టాడు.

"మంచిగుంటదట అమ్మా. ఐదోది దాంక ఇనుండ్రి," అన్నాడు.

తన కూతురిదని చెప్పలేదు. అతను తెలివితక్కువవాడు కాడు. చెబితే సన్మానం జరుగుతుంది. ఈ ప్రాంతంలో ఒంటి మీద శాలువా పడకుండా వయసు మీద పడటం ఎంత కష్టమో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. పైగా ఇది మహారాష్ట్ర దగ్గరి తావు కనుక శాలువాతో ఆగదు, తలకు ఫేటా అనే పాగా కూడా కడతారు. సభ కోసం ఫేటా గుడ్డలు ముందే వచ్చాయి. ఏ రంగు చూసినా ఏదో ఒక పార్టీ దానిని వాడుకుంటున్నందున, సంఘం చాలాసేపు చర్చించి వంకాయ రంగును ఖాయం చేసింది. వంకాయ మీద ఇంతవరకు ఎవరికీ హక్కు లేదు.

సభ పద్ధతి ప్రకారమే మొదలైంది, అంటే ఆలస్యంగా. ముందుగా పెద్దలను వేదిక మీదికి పిలిచారు. ఒకరిని పిలిచి మరొకరిని పిలవకపోతే ఊళ్ళో తిరగలేరు గనుక అందరినీ పిలిచారు. కింద కుర్చీలు ఖాళీ అవుతూ వచ్చాయి, వేదిక నిండుతూ వచ్చింది. బాక్సులు కింది కుర్చీల వైపు తిరిగి ఉన్నాయి. చివరికి బాక్సులకు ఎదురుగా మిగిలింది జీవరాజు, యేసమ్మ, వెనక వరసలో భోజనాల కోసం ముందుగా వచ్చిన కొందరు. జీవరాజు ఛాతీ మీది గుండీ ఒకటి విప్పుకుని, బాక్సుకు సూటిగా కూర్చున్నాడు. ఏర్పాటు అతనికి బాగా నచ్చింది.

మైకు సెట్టు లింబయ్యది. పెళ్ళిళ్ళలో ఆరితేరినవాడు. మైకు దగ్గరికి మనిషి వస్తే పాట ఆపాలన్నది అతని వృత్తిధర్మం. ఆపిన పాటను సగంలోంచి పెట్టకూడదన్నది రెండో ధర్మం.

జీవరాజు ఇచ్చిన ఆల్బమ్‌లోని మొదటి వాద్యం మోగింది. ఆఫ్రికా డోలు, దాని మీద పిల్లనగ్రోవి. అది ముగియగానే బాక్సుల్లోంచి పూణే జనం చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథి భానుప్రసాద్ లేచి నిలబడి చేతులు జోడించాడు. ఆయన చెరకు రైతుల సంఘం ఒకదానికి మాజీ ఉపాధ్యక్షుడు. చెరకు తగ్గింది గానీ సంఘాల్లో ఉపాధ్యక్షులు తగ్గలేదు. చప్పట్లు వినపడితే అవి తనవేనని ఆయన శరీరానికి తెలుసు. చప్పట్లు ఆగకపోవడంతో, ప్రజలు ప్రసంగం కోరుతున్నారని గ్రహించి మైకు దగ్గరికి నడిచాడు. లింబయ్య పాట ఆపాడు.

"ఈ చప్పట్లు నాకు కాదు, నన్నింతవాణ్ణి చేసిన రైతన్నలకు," అన్నాడు భానుప్రసాద్. "మిత్రులారా, ప్రపంచ సంగీతమంటే ఏమిటి? ప్రపంచంలో ఉన్నంతవరకు అది ప్రపంచ సంగీతమే. చెరకు గడను చూడండి. తీపి కనపడుతుందా? కనపడదు. సంగీతమూ అంతే, కనపడదు. కనపడని దానికోసం ఇంతమంది కనపడటమే నేటి విశేషం."

వేదిక మీదివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన కూర్చున్నాడు. లింబయ్య మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. ఆఫ్రికా డోలు, దాని మీద పిల్లనగ్రోవి.

ఆ తర్వాత గేటుకు అడ్డంగా పెట్టిన స్కూటరు ఎవరిదో తీయవలసిందిగా ప్రకటన వచ్చింది. మళ్ళీ డోలు. జ్యోతి వెలిగించడం మరచిపోయామని కార్యదర్శికి గుర్తొచ్చింది. వెలిగించారు. మళ్ళీ డోలు. పిలుపుల్లో పేరు జారిపోయిన ఒక సలహాదారు మూతి ముడుచుకుని బయటికి పోతుంటే మైకులో బతిమాలి వెనక్కి తెచ్చారు. మళ్ళీ డోలు. ఇంతలో వేదిక మీది రసజ్ఞులకు విషయం అర్థమైంది. ఒకటే వాద్యం పదేపదే రావడం విశ్వ సంగీతంలో సంప్రదాయమని ఒకరు పక్కవారికి వివరించారు. పక్కవారు తల పంకించి, ప్రతిసారీ కొత్తగా ఉందన్నారు.

జీవరాజు లేచి లింబయ్య దగ్గరికి పోయాడు. ఆ సభలో అది అతని మొదటి ప్రసంగం.

"లింబన్నా, జర నడిమిట్లకెల్లి పెట్టరాదే."

"నడిమిట్లకెల్లి పెడితే శుభం కాదే. పెండ్లిల అట్ల పెడితే ఊకుంటరా?"

"ఇది పెండ్లి కాదు గదనే."

"శాలువాలున్నయి, ఫేటాలున్నయి, బువ్వ ఉన్నది. మరేంది?"

జీవరాజు వెనక్కి వచ్చి కూర్చున్నాడు. యేసమ్మ మాత్రం కూర్చోలేదు. మొగుడు విప్పుకున్న గుండీని చూసింది, మళ్ళీ మొదలైన డోలును విన్నది. నేరుగా వేదిక దగ్గరికి పోయి రాధాకుమారి కొంగు పట్టుకుంది.

"ఏందమ్మా ఇది, బోరింగు కొట్టినట్టు గదే డోలు. మా బిడ్డ వాయించింది ఐదోది. గంత దాంక పోనియ్యరా?"

"మీ అమ్మాయా?" అంది రాధాకుమారి. "అయ్యో, ముందే చెప్పొద్దా యేసమ్మా!"

అంతే, అయిపోయింది. మాట వేదిక ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది. ఉదయం వరకు "ఏమోయ్ జీవరాజూ" అంటున్న రావు గారు మైకు అందుకుని, "శ్రీ జీవరాజు గారిని సాదరంగా వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం," అన్నాడు.

"వద్దు సార్. నేనీడనే ఇంట," అన్నాడు జీవరాజు.

"చూశారా, ఎంత వినయమో," అని రావు గారు సభకు చెప్పాడు. ఇద్దరు సహాయ కార్యదర్శులు కిందికి దిగి ఆ వినయాన్ని చెరొక రెక్క పట్టుకుని పైకి తెచ్చారు. బాక్సుల వెనక, భానుప్రసాద్ పక్కన కుర్చీ వేశారు.

"లింబయ్యా, ఐదోది పెట్టు. ఈసారి ఎవరు మైకు దగ్గరికొచ్చినా ఆపొద్దు," అని రావు గారు ఆజ్ఞాపించాడు. సంఘ చరిత్రలో సంగీతానికి జరిగిన మొదటి న్యాయం అది. "అమ్మాయి వాయిస్తుండగానే తండ్రికి సన్మానం. ఎలా ఉంది?"

అందరూ అద్భుతంగా ఉందన్నారు.

లిడియా మొదలుపెట్టింది. అదే క్షణంలో మహారాష్ట్రలోని బిలోలి వైపు నుంచి వచ్చిన ఫేటాలాయన జీవరాజు తల పట్టుకుని, "హలూ నకా," అన్నాడు. కదలొద్దని. వంకాయ రంగు గుడ్డ నుదుటి మీదుగా ఒక చుట్టు, ఎడమ చెవి మీదుగా ఒక చుట్టు, కుడి చెవి మీదుగా మరొకటి తిరిగింది. పెళ్ళికొడుకు గుర్రం ఎక్కినా ఊడకుండా కట్టడంలో ఆయనకు పేరుంది. లోకం దూరమైపోయింది. భానుప్రసాద్ పెదవులు కదులుతున్నాయి, రాధాకుమారి నవ్వుతోంది, కెమెరా వెలుగుతోంది.

అప్పుడు అరికాళ్ళకు తెలిసింది. వేదిక చెక్కలది. చెప్పులు కింద వదిలి వచ్చాడు కనుక చెక్కల్లోంచి సన్నని వణుకు పాదాల్లోకి, పిక్కల్లోకి వచ్చింది. పాలకు వచ్చిన దూడను నిమిరితే దాని వీపు వణికినట్టు. జీవరాజు కదలడం మానేశాడు. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాడు.

బల్ల మీది నీళ్ళ సీసాలు కూడా వణికాయి. లింబయ్య వాటిని చూశాడు. పాటలో డోలు లేదు, పిల్లనగ్రోవి లేదు, ఒట్టి గుర్రుమనే చప్పుడు. బాక్సులో ఏదో లోపమని అతనికి తేలిపోయింది. పెద్దల ముందు పరువు పోకుండా గుర్రును తగ్గించే మీటను సున్నా దాకా తిప్పాడు. సీసాలు నిలిచాయి. చెక్కలు నిలిచాయి.

శాలువా పడింది. పూణే జనమూ బోధన్ జనమూ ఒక్కసారే చప్పట్లు కొట్టారు. భానుప్రసాద్ లేచి నిలబడి చేతులు జోడించాడు.

స్పందన తెలపమని జీవరాజు ముందు మైకు పెట్టారు. "మంచిగున్నది," అన్నాడు. క్లుప్తతలో ఇంత గాంభీర్యం తామెన్నడూ వినలేదని పెద్దలు కొనియాడారు. భోజనాలయ్యాక అతను ఫేటా తీసి చంకలో పెట్టుకుని లింబయ్య దగ్గరికి పోయేసరికి పెన్‌డ్రైవు పీకేసి, బాక్సులను రావు గారి బంధువుల పెళ్ళికి ట్రాలీ ఎక్కిస్తున్నారు.

"ఐదోదాంట్ల మస్తు గుర్రు వచ్చిందే అన్నా," అన్నాడు లింబయ్య. "ఎవలకు ఎర్క కాకుండ నేనే బంద్ చేసిన."

రావు గారు భుజం తట్టాడు. "వచ్చే సభలోనూ మీరు తప్పకుండా వినాలండీ. మీ కుర్చీ ఇక వేదిక మీదే, శాశ్వతంగా."

సాయంత్రం లిడియా ఫోను చేసింది.

"ఇన్నవా బాపూ?"

"ఇన్న."

ఫేటా మడత పెడుతున్న యేసమ్మ తలెత్తి చూసింది.

"ఎట్లున్నది?"

"చప్పట్లు మస్తు కొట్టిండ్రు బిడ్డా. నీకు పూణేల కొట్టినట్టే."

అటువైపు లిడియా నవ్వింది. "గవి నాకు కొట్టినయి కావు బాపూ. నేను వాయిస్తుంటెనే ఎవరో పెద్దాయన వచ్చిండు. స్టేజి మీదికి పిలిచి శాలువా కప్పిండ్రు. గా చప్పట్లు ఆయనయి."

గట్టు మీద కూర్చుని పొద్దుపొద్దున విన్న వాన ఇన్నాళ్ళూ ఎవరి పొలంలో కురిసిందో జీవరాజుకు అప్పుడు తెలిసింది. అతను ఫోనును రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఫేటా కట్టిండ్రా?"

"కట్టిండ్రు."

"ఏం రంగు?"

లిడియా చెప్పింది. దాన్ని ఇక్కడ రాయడం లేదు. ఇది చదువుతున్నవారి ఇళ్ళలోనూ ఆ రంగుది ఒకటి మడతపెట్టి ఉంటుంది. ఎవరు వాయిస్తుండగా కట్టించుకున్నారో గుర్తు తెచ్చుకోమనడం మర్యాద కాదు.