మాటకు కొబ్బరాకు కట్టాం

మా వైలెసు ఊరి భాష అంతరించిపోతోందని తెలియగానే, దాన్ని కాపాడే నిమిత్తం ఊరి పెద్దలు ఏడాదిపాటు దాన్ని నిషేధించారని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఇందులో నోరెళ్లబెట్టాల్సిందేమీ లేదు. సముద్రంలో చేప తగ్గితే మేం సాసి కడతాం. రేవులో లేత కొబ్బరాకులు వేలాడదీసి పాస్టరుగారు ప్రార్థన చేశాక, మళ్లీ ఆయన విప్పేదాకా ఎవరూ వల వేయరు. విప్పేనాటికి రేవంతా చేపే. చేపకు పనిచేసిన మందు మాటకు పనిచేయదా?

మా గ్రామాధికారిని రాజా అంటాం. ఆయన ఇప్పుడు ఊరంతా మాట్లాడే మలయ్ భాషలో గంటన్నర ఉపన్యసించారు. "మన ముసలాళ్లు మన భాషను ఇష్టమొచ్చినట్టు వాడి అరగదీస్తున్నారు! ఏడాదిపాటు ఎవరూ ముట్టుకోకండి. బలిసి వస్తుంది!"

వాడుతున్న దుర్మార్గులు ఇద్దరే. ఎనభై దాటిన మా మేనత్త బత్సెబా, పక్కింటి యోసియాస్ పెద్దయ్య. పొద్దున్నే సాగో రొట్టె టీలో ముంచుకుంటూ, కంచెకు చెరోవైపు నిలబడి పోట్లాడుకోవడమే వాళ్ల పని. ఆ కంచెకే ఆకులు కట్టాం. భాష తెలిసినవాడికే నేరం దొరుకుతుంది కనుక నన్ను కాపలా వేశారు. నాకు అర్థమవుతుంది. మాట్లాడటానికి మాత్రం చిన్నప్పట్నుంచీ నామోషీ.

ఎనిమిదో నెలలో పెద్దయ్య మంచం పట్టాడు. అత్త పక్కన కూర్చుంది.

"ఒరే ఓబెదూ, వీణ్ని ఒక్కసారి మా మాటల్లో తిట్టనీరా. మలయ్‌లో తిడితే వీడికి తిట్టినట్టే లేదు."

"ఆకులు విప్పడానికి ఇంకా నాలుగు నెలలుందత్తా. రూలు రూలే."

"వీడికుందట్రా నాలుగు నెలలు?"

ఆ ప్రశ్న నా పరిధిలోనిది కాదు. మూడోనాడు పెద్దయ్య మలయ్‌లోనే పోయాడు. నాకు ఏడుపొచ్చింది. నిబంధన మాత్రం నిలబడింది.

ఏడాది తిరిగింది. జిల్లా అధికారి దయచేశారు. ఒక్క ఉల్లంఘన కూడా జరగలేదని, భాష చెక్కుచెదరకుండా ఉందని మెచ్చుకుని నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. పాస్టరుగారు ఆకులు విప్పారు. అత్త చేతికి మైకిచ్చారు.

అత్త జనాన్నంతా కలయజూసి మా భాషలో ఒక్క మాట అంది. పందిరి చప్పట్లతో దద్దరిల్లింది. "ఎంత తీయని భాష!" అంటూ అధికారిగారు కళ్లు తుడుచుకున్నారు.

అత్త అన్న ఆ మాట: "ఎవడితో మాట్లాడమంటార్రా?"

అర్థమైంది నాకొక్కడికే. ఆ సంగతి తెలిసి అత్త నావైపే చూస్తోంది. జవాబు నోటిదాకా వచ్చింది. ప్రశంసాపత్రం చంకలో పెట్టుకుని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను.