రహస్య డబ్బా శాఖ

ఒక పెద్ద అడవిలో పెద్దలకు కొదవ లేదు, పనికే కొదవ. ఆ అడవి అంచున, పల్లెకు కాస్త ఎడంగా, దొరల కాలం నాటి రాతి చర్చి ఒకటి ఉంది.

ఆదివారం పల్లె జనం వచ్చి, పాటలు పాడుకుని వెళ్లేవాళ్లు. మిగతా రోజుల్లో వచ్చే పట్నం జనం తీరు వేరు. ఫోను చూసుకుంటూ చర్చి చుట్టూ తిరిగేవాళ్లు, రాళ్ల సందుల్లో చేతులు పెట్టేవాళ్లు. చివరికి వెనక గోడ కన్నంలోంచి ఒక రేకు డబ్బా లాగి, “దొరికింది!” అని గంతులేసేవాళ్లు. అందులో ఉన్న బొత్తాం తీసుకుని, బదులుగా ఒక పిన్నీసు పెట్టి, డబ్బాని మళ్లీ అక్కడే దూర్చి వెళ్లిపోయేవాళ్లు. తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ మొదటినుంచీ వెతికేవాళ్లు. అదొక ఆట.

ఆ కన్నం లోపలే ఒక ఉడుత కాపురం. పిల్లలు ఇంకా కళ్లు తెరవలేదు. డబ్బాయే వాళ్ల ఇంటి తలుపు. పక్క సందులోంచి ఉడుత దూరగలదు, తిని బలిసిన జెర్రిపోతు దూరలేదు. అందుకే పట్నం జనమంటే ఉడుతకి గౌరవం. ఎంత వెర్రివాళ్లయినా తలుపు వేసి మరీ వెళ్తారు.

ఈ డబ్బా ఆట సంగతి అడవి అధ్యక్షుడు నక్క చెవిన పడింది. డబ్బా తెప్పించి సభలో మూత తీయించాడు. లోపల తుప్పు పిన్నీసు, రబ్బరు బల్లి.

“చెత్త! పారేద్దామండీ” అన్నాడు ఇంజనీరు అడవిపంది.

“నీ మొహం. విలువ లోపల లేదయ్యా, దాచడంలో ఉంది. గోడలో దాస్తేనే ఇంతమంది వస్తుంటే, ప్రభుత్వపరంగా దాస్తే ఎంతమంది వస్తారు!” అన్నాడు నక్క.

అందరూ చప్పట్లు కొట్టారు. రహస్య డబ్బా శాఖ ఏర్పడింది. పంది ఒక గొయ్యి తీసి డబ్బాని పాతిపెట్టాడు. చోటు పందికి తెలిసిపోయిందే అని నక్కకి బెంగ పట్టుకుంది. కార్యదర్శి తాబేలుని పిలిచి, దాన్ని తవ్వి ఇంకోచోట పాతమన్నాడు.

“పాతావా?”

“పాతానండీ.”

“ఎక్కడ?”

“రహస్యం కదండీ, కళ్లు మూసుకుని పాతాను.”

మర్నాడే శాఖలో వెతుకులాట విభాగం మొదలైంది. తవ్వకాలకి పంది, కన్నాల తనిఖీకి జెర్రిపోతు.

ఉడుత పరుగున వచ్చి తాబేలు కాళ్ల మీద పడింది. “బాబాయ్, అది మా ఇంటి తలుపు. పిల్లలు పసిగుడ్లు. తలుపు ఇప్పించు.”

“దానికేం, అర్జీ పెట్టుకో తల్లీ. డబ్బా ఇప్పుడు ఎక్కడుందో అందులో చెప్పు, చాలు.”

“అది నాకెలా తెలుస్తుంది?”

“మరి మాకెలా తెలుస్తుంది?” అని తాబేలు తల లోపలికి లాక్కున్నాడు.

ఉడుత ఇంటికొచ్చేసరికి కన్నం ముందు జెర్రిపోతు ఉన్నాడు.

“తనిఖీ. పక్కకి జరగమ్మా.”

“లోపల పిల్లలు తప్ప ఏమీ లేవు.”

“అవే చూడాలి” అన్నాడు జెర్రిపోతు, నాలుక చాపుతూ.

ఉడుత కన్నానికి అడ్డంగా కూర్చుని కదల్లేదు. ఇంతలో పట్నం అమ్మాయి ఒకతె ఫోను పట్టుకుని వచ్చింది. మనిషి అలికిడికి ఇన్‌స్పెక్టరుగారు ఉద్యోగం మరిచి గడ్డిలోకి జారుకున్నాడు. ఉడుత గోడెక్కింది. అమ్మాయి కన్నంలో చెయ్యి పెట్టి, “అయ్యో, డబ్బా ఎవరో కొట్టేశారు!” అని నొచ్చుకుంది. తన టిఫిను డబ్బా కడిగి, అందులో ఒక గాజు వేసి, కన్నంలో దూర్చి వెళ్లిపోయింది. ఉడుత ఆనందంతో ఏడ్చేసింది.

శాఖ మాత్రం వెతుకుతూనే ఉంది. పంది పుట్టలు తవ్వాడు, బొరియలు తవ్వాడు, ఆ ఊపులో అధ్యక్షులవారి గుహ కూడా తవ్వేశాడు. అంతలో వాన పట్టుకుంది. నిలువ నీడ లేక శాఖ మొత్తం చర్చి వెనక చూరు కింద చేరింది.

పంది గోడకేసి చూసి ఎగిరి గంతేశాడు. “అయ్యా! డబ్బా! అక్కడే ఉందండీ!”

“లాగనా? వెనకాల కన్నం కూడా తనిఖీ చేసేస్తాను” అన్నాడు జెర్రిపోతు. లోపల ఉడుత పిల్లల్ని పొట్ట కిందికి లాక్కుంది.

నక్క గుడ్లురిమాడు. “నోరు ముయ్యండి! డబ్బా దొరికితే శాఖ ఎత్తేస్తారు. నేనేం తినాలి, మీరేం తినాలి? ఇకమీదట ఈ గోడవైపు చూసినవాడి ఉద్యోగం ఊడుతుంది. ముఖ్యంగా నువ్వు, జెర్రిపోతూ! ఈ ఛాయలకొచ్చావంటే తోలు ఒలిపిస్తాను.”

“మరి మేమేం చెయ్యాలండీ?”

“వెతకండి!”

శాఖంతా గోడకి వీపు తిప్పి, వానలో తడుస్తూ, బురదలో మళ్లీ వెతకడం మొదలుపెట్టింది. లోపల పిల్లలు పొడిగా నిద్రపోయాయి.

నీతి: వెతికింది దొరికితే ఆట, దొరక్కపోతే ఉద్యోగం.